పేరు చెఱగిన వస్తువును గుర్తెఱుగుట

వంటింటి అలమరలో మూడు సీసాలున్న వనుకొందము. మూటిలోను తెల్లని పొడియే యున్నది. మూటి మీద నంటించిన చీట్లును ఊడిపోయినవి. ఒకదానిలో ఉప్పు, ఒకదానిలో వంటసోడా, ఒకదానిలో పటికపొడి యున్నవని మాత్రము మనకు తెలియును. ఇల్లాలు వానిని నాలుకపై వేసికొని చూడదు. ఒక్కొక్కదాని నుండి చిటికెడు తీసి, దానిపై నిమ్మరసపు చుక్క వేయును. బుసబుస పొంగినది వంటసోడా. తక్కిన రెంటిని చెరియొక బురదనీటి చెంబులో కలిపి కొంతసేపు కదల్పక యుంచును. మడ్డిని అడుగునకు దింపినది పటిక. ఇక మిగిలినది ఉప్పు. అయితే మిగిలినది ఉప్పేయని నిశ్చయముగా చెప్పగలుగుటకు, అలమరలో నున్నవి ఆ మూడు వస్తువులే యని ముం దెఱిగియుండుట కారణము. ఈ మాట సోదరీమణులు జ్ఞాపక ముంచుకొనవలెను. ముందు దీనితో పని పడును.

ఈ మాసము మేము వ్రాయదలచినది వంటింటి పొడులను గూర్చి కాదు. నేడు మన యిండ్లలో మిక్సీ, ఫ్యాను, కుట్టుమిషను మోటారు, ఎల్.ఇ.డి. దీపము, చరవాణి ఛార్జరు లేని యిల్లు అరుదు. వీని కడుపులో వడ్లగింజంతటివి, రూపాయి బిళ్లంతటివి, అగ్గిపెట్టెంతటివి చిన్న చిన్న భాగము లున్నవి. క్రొత్తలో వానిమీద పేరో, అంకెయో, రంగుగీతలో ఉండును. వేడికి మాడియో, నూనె తగిలియో, తడిసియో ఆ గుర్తులు చెఱిగిపోవును. అప్పు డది యేమో తెలియక మనము పరికరము నంతటిని పాతసామానుల వానికి తూచి యిచ్చుచున్నాము. లేదా ఎవరేమి చెప్పిన దానికి తలయూపి డబ్బు చెల్లించుచున్నాము. గుర్తు చెఱిగినను గుణము చెఱగదు గదా! గుణమును బట్టి వస్తువును కనుగొను ఉపాయమే యీ వ్యాసమునకు విషయము.

మన పురాణకథలలో నీ విద్య నెఱిగిన స్త్రీ దమయంతి. స్వయంవర సభలో నలుని రూపముతో నైదుగురు కూర్చుండిరి. ముఖము చూచి యెన్నుకొన వీలు లేకపోయెను. ఆమె దేవతలను ప్రార్థింపగా వారు తమ చిహ్నములను ప్రకటించిరి. ఱెప్ప వేయనివారు, చెమట పట్టనివారు, వాడని పూదండలవారు, పాదములు నేలనంటనివారు దేవతలు. ఱెప్పపాటును, చెమటయు, వాడిన దండయు, నీడయు గలవాడు నలుడు. అటుపిమ్మట కాలము వక్రించి నలుని రూపమే మాఱిపోయి, బాహుకుడను పేర వంటవాడై వచ్చినపుడు, ఆమె కేశినిని పంపి యతని నడవడిని కనిపెట్టి చూడుమనెను. అతడు వండిన దానిని తెప్పించి రుచి చూచెను. రూపము ఒక్కటియై యున్నపుడును, రూపము మాఱినపుడును ఆమె నమ్మినది పరీక్షను. ఒక్క పరీక్షతో తృప్తి పడక, ఒకటి వెంట నొకటి చేసినది. అదియే మనకును మార్గము.

ఇప్పుడు మనకు కావలసిన పనిముట్టు మల్టీమీటరు. అఱచేతి కంటె కొంచెము పెద్దది. ఎలక్ట్రికల్ సామానుల దుకాణములలో కొన్ని వందల రూపాయలకు దొరకును. దాని నడుమ త్రిప్పెడు మరయు, పైన అంకెలు చూపు గాజుపలకయు, ఎఱ్ఱనిది నల్లనిది రెండు తీగలు నుండును. ఓము గుర్తు వద్ద త్రిప్పినచో అది విద్యుత్తుకు వస్తువు కలిగించు అడ్డును కొలుచును. బాణపు మొనయు నడ్డగీతయు గల గుర్తు వద్ద డయోడును పరీక్షించును. మంచి మీటరులలో కండెన్సరు కొలత కూడ నుండును.

ఈ ఓము అనునది ఒక బడిపంతులు పేరు. జర్మనీ దేశమునందు కొలోను పట్టణములో గియోర్గ్ సైమన్ ఓము ఉన్నత పాఠశాలలో గణితము, భౌతికము చెప్పుచుండెను. అప్పటి బ్యాటరీల బలము నిలుకడగా నుండకపోవుట చేత, రెండు లోహముల అతుకులలో నొకదానిని వేడిగను, రెండవదానిని చల్లగను ఉంచి నిలుకడయైన విద్యుత్తును సాధించి, తీగల పొడవు మార్చి మార్చి కొలిచెను. ఆ ఫలితముల నాతడు 1827లో గ్రంథముగా ప్రకటింపగా, మొదట తగిన యాదరము లభింపలేదు. 1841లో లండను రాయల్ సొసైటీ వారు కాప్లే పతకమిచ్చి గౌరవించిరి. 1881లో ప్యారిస్ నగరమున సమావేశమైన విద్యుత్పండితులు అడ్డుకు కొలమానముగా నతని పేరునే నిలిపిరి. పంతుళ్ల యిండ్లలోని మేము ఈ కథను కొంత యిష్టముతో చెప్పుకొందుమన్న తప్పుగా నెంచరాదు.

పరీక్షకు ముందు మూడు నియమములను తప్పక పాటింపవలెను. మొదటిది: స్విచ్చి ఆపుట చాలదు, ప్లగ్గును గోడనుండి ఊడదీయవలెను. ఇంటి కరెంటు తగులుకొని యుండగా ఓము కొలత పెట్టినచో మీటరుకును మనకును అపాయమే. రెండవది: కండెన్సరు అను భాగము విద్యుత్తును దాచుకొనును. ప్లగ్గు తీసినను దానిలో కొంత మిగిలియుండ వచ్చును. దాని రెండు కొసలను చేతితో తాకక, హోల్డరులో బిగించిన పాతకాలపు తీగబల్బు యొక్క రెండు తీగలను వానికి తాకించి ఆ శేషమును తీర్చివేయవలెను. మూడవది: మైక్రోవేవ్ పొయ్యి, ఇన్వర్టరు, పాత గాజుబుడ్డి టెలివిజను, ఇండక్షను పొయ్యి – వీని మూత నింటిలో తెఱవనే రాదు. వీనిలో ప్రాణమునకు ముప్పు తెచ్చు బలము నిలిచియుండును. పిల్లలు చెంత నున్నపుడు ఏ పరికరమును విప్పరాదు.

ఇంకొక చిన్న మెలకువ కలదు. భాగము పలకకు అతికియుండగా కొలిచినచో దాని చుట్టునున్న తక్కిన భాగములు కూడ కొలతలో చేరును. నలుగురు కూడి మాటలాడుచుండగా ఒకరి గొంతు వేఱుగా వినరానట్లే, ఒక్కదాని విలువ తెలియదు. కనుక ఒక కాలినైనను అతుకునుండి విడదీసి కొలువవలెను. కొలుచునపుడు రెండు మొనలను రెండు చేతుల వ్రేళ్లతో లోహము తాకునట్లు పట్టుకొనరాదు. అట్లయిన మన దేహపు అడ్డు కూడ దానితో చేరి, ఉన్నదానికంటె తక్కువ అంకె కనబడును.

ఇక పరీక్ష. రెండు కాళ్లు గల, పేరు తెలియని వస్తువు చేతిలో నున్నదనుకొందము. మీటరును ఓముల వద్ద నుంచి, ఎఱ్ఱతీగ నొక కాలికి, నల్లతీగ నొక కాలికి తాకించి అంకె చూడవలెను. తరువాత తీగలను తాఱుమాఱు చేసి మరల చూడవలెను. ఈ రెండు చూపులలోనే సగము నిర్ణయము జరిగిపోవును.

రెండు మాఱులును ఒకే అంకె కదలక నిలిచినచో అది రెసిస్టరు, అనగా నిరోధకము. దాని అంకె 4650 ఓములని వచ్చినచో తికమక పడనక్కరలేదు. కర్మాగారములు ప్రతి అంకెకును ఒక రెసిస్టరును చేయవు. సాధారణముగా 10, 12, 15, 18, 22, 27, 33, 39, 47, 56, 68, 82 అను పండ్రెండు విలువలును, వానికి పదిరెట్లు నూఱురెట్లు మొదలగునవియు చేయుదురు. ప్రతి మెట్టును క్రిందిదానికి సుమారు ఒకటింబావు రెట్లకు లోపుగా పెరుగును. కనుక 4650 చూపినది 4700 ఓముల రెసిస్టరు అని తెలిసికొనవలెను. బియ్యము కొలుచునపుడు సోలకు నాలుగు గింజలు తక్కువైనను దానిని సోల యనుటయే కదా!

రెండు మాఱులును సున్నకు దగ్గఱగా వచ్చినచో అది ఫ్యూజు గాని, తీగచుట్ట గాని కావలెను. ఫ్యూజు ఇంచుమించు సున్నయే చూపును. చోకు అను తీగచుట్ట కొంచెము మాత్రము అడ్డు చూపును, దాని కడుపులోని నల్లని రాయివంటి పదార్థమును అయస్కాంత మాకర్షించును. మీటరు సున్న చూపినపుడు ముందుగా దాని తీగల మొనలను ఒకదాని కొకటి తాకించి, వట్టి తీగలకే యెంత చూపునో కనుగొని, దానిని తీసివేయవలెను. పాలు తూచుటకు ముందు వట్టి చెంబును తూచునట్లే యిది.

అంకె మొదట చిన్నదై, చూచుచుండగా పెరిగి పెరిగి, కడకు మీటరు చేతులెత్తివేసినచో – అనగా ఎడమప్రక్క ఒకటి అను అంకె గాని, ఓ.ఎల్. అను అక్షరములు గాని నిలిచినచో – అది కండెన్సరు. కడవలో నీరు పోయునపుడు మొదట ధార జోరుగా పడి, నిండినకొలది ఆగునట్లు, మీటరులోని చిన్న బ్యాటరీ దానిని నింపుచున్నది. నిండినపిదప ప్రవాహము లేదు. చిన్న బిళ్ల కండెన్సరులు ఱెప్పపాటులో నిండుటచే ఈ పెరుగుదల కంటికి కనబడదు. వానికి కండెన్సరు కొలతయే శరణ్యము.

ఒకవైపు అంకె చూపి, తాఱుమాఱు చేయగా చూపనిచో అది డయోడు. ఇంటిముందరి ఒంటివైపు తలుపువంటిది; లోనికి రానిచ్చును, వెలికి పోనీయదు. ఇట్టి గుణము కొన్ని లోహపు గంధకరాళ్లలో నున్నదని ఫెర్డినాండ్ బ్రౌను 1874లోనే ప్రకటించెను. మన దేశమున జగదీశచంద్ర బోసుగారు గలీనా రాతితో తరంగములను పసికట్టు సాధనమును చేసిరి; దానికి 1904లో అమెరికాలో పేటెంటు లభించెను. డయోడు గుర్తు వద్ద మీటరు నుంచినచో సాధారణపు సిలికాన్ డయోడు 0.5 మొదలు 0.7 వోల్టుల వఱకు చూపును. షాట్కీ అను తెగ 0.3 కంటె తక్కువగా చూపవచ్చును. ఎఱ్ఱని ఎల్.ఇ.డి. యైనచో సుమారు 1.8 చూపి తానే సన్నగా వెలుగును. పేరడిగిన వెలుగుతో జవాబు చెప్పు వస్తువది! తెల్లనిది, నీలిది అంతకంటె హెచ్చు వోల్టు కోరును గనుక కొన్ని మీటరులతో వెలుగదు. జీనరు అను డయోడు మాత్రము మీటరుకు సాధారణ డయోడువలెనే తోచును. దాని రహస్యము మీటరులోని చిన్న బ్యాటరీకి చిక్కదు.

రూపాయి బిళ్లవలె గుండ్రముగా నుండి రెండు కాళ్లు గల భాగములు మనలను మిక్కిలి మోసగించును. కండెన్సరు, వేడిమికి మాఱు థర్మిస్టరు, పిడుగుపాటువంటి పొంగును మ్రింగు వారిస్టరు – మూడును ఒకే పోలిక. ఇదియే నలుల సభ. ఓములలో కొలిచి, అంకె కనబడుచుండగా దానిపై నోటి యావిరి ఊదవలెను, లేదా అఱచేతిలో వెచ్చగా నుంచవలెను. అంకె దిగినచో అది ప్రవాహపు తొలి ఉద్ధృతిని తగ్గించు థర్మిస్టరు. ఎక్కినచో వేడికి అడ్డు పెంచు తెగ. కండెన్సరును వారిస్టరును రెండును ఓములలో నేమియు చూపవు. కండెన్సరు కొలతలో కూడ రెండును చిన్న విలువనే చూపవచ్చును. అప్పుడు అది యున్న చోటు చూడవలెను. ఇంటి కరెంటు లోనికి వచ్చు గడపలో, ఫ్యూజు తరువాత, రెండు తీగల నడుమ కావలివానివలె నిలిచినది తఱచు వారిస్టరగును. ఇది నిశ్చయము గాదు, ఊహ మాత్రమే. నిశ్చయము కానిదానిని నిశ్చయమని పలుకరాదు. వెలుతురులో నొక అంకె, కొంగు కప్పగా అంతకంటె హెచ్చు అంకె చూపినచో అది వెలుతురును కనిపెట్టు భాగము. చీకటి పడగనే తానే వెలుగు వీధిదీపములలో నిది యుండును.

మూడు కాళ్ల వస్తువైనచో, డయోడు గుర్తు వద్ద రెండేసి కాళ్ల చొప్పున ఆఱు మాఱులు కొలువవలెను. ఒక కాలు తక్కిన రెంటితోను డయోడువలె మాటలాడి, ఆ రెండును తమలో తాము మాటలాడనిచో, అది ట్రాన్సిస్టరు. ఆ మధ్యవర్తి కాలే బేసు. దానిపై ఎఱ్ఱతీగ యున్నపుడు అంకెలు వచ్చినచో ఎన్.పి.ఎన్. తెగ, నల్లతీగ యున్నపుడు వచ్చినచో పి.ఎన్.పి. తెగ. తక్కిన రెండు కాళ్లలో కొంచెము హెచ్చు అంకె చూపినది ఎమిటరు. ఈ పోలికకు లొంగని మూడుకాళ్ల వస్తువులును పెక్కు కలవు. వానిని నిపుణులకు వదలవలెను.

ఇంతవఱకు చెప్పినది పుస్తకపు పాఠమని తోచవచ్చును. మా రాజోలిలో నొక నేతయింట దీనితో నేమి పని పడెనో చెప్పెదము. రాజోలి తుంగభద్ర యొడ్డున, జోగులాంబ గద్వాల జిల్లాలో నున్న యూరు. గద్వాల చీరలు నేయు కుటుంబము లిచట ననేకము. 2009 అక్టోబరులో నది పొంగి ఊరిని ముంచినపుడు ఇండ్లతోపాటు మగ్గములును, నూలును, పట్టును నీటిపాలైనవి. ఆ యనుభవము గల యూరిలో నొక పనిముట్టు విలువ యెట్టిదో వేఱుగ చెప్పనక్కరలేదు. నేతపనిలో మగ్గముపై కూర్చున్నవారు కంటబడుదురు. కండెలు చుట్టు ఆడువారు కంటబడరు. కండె లేనిదే నాడె నడువదు, నాడె నడువనిదే చీర లేదు, చీర దిగనిదే కూలి లేదు.

ఆ యింట కండెలు చుట్టుటకు రాట్నమునకు చిన్న మోటారు తగిలించుకొనిరి. ఒకనాడు స్విచ్చి వేయగా మోటారు గుయ్యిమని మూలిగినదే గాని తిరుగలేదు. వ్రేలితో త్రోసినచో తిరుగసాగెను. బాగుచేయు దుకాణమునకు పట్టుకొనిపోగా, విప్పి చూడకయే లోని తీగచుట్ట కాలిపోయినదనియు, మరల చుట్టించుటకు వేయి రూపాయలకు పైబడుననియు, పదిదినములు పట్టుననియు చెప్పిరి. ఆ యింటి అత్తగారు మాతో, "అమ్మా! పదిదినములు కండెలు లేక మగ్గము పండుకొనిన మేమేమి తినవలెను?" అనిరి. ఆ ప్రశ్నకు జవాబు మాటలలో లేదు. మా యింటనున్న మీటరును తీసికొని వెళ్లితిమి.

మోటారు నుండి మూడు తీగలు వెలికి వచ్చుచుండెను. నూనెకును నూలుధూళికిని వాని రంగులన్నియు ఒక్కటే నల్లదనమైనవి. ఇంటర్మీడియటు చదువుచున్న కోడలిపిల్ల తానే మొనలు తాకించి చదువగా మేము వ్రాసికొంటిమి. ఒకటవ తీగకును రెండవదానికిని నడుమ 150, రెండవదానికిని మూడవదానికిని నడుమ 180, ఒకటవదానికిని మూడవదానికిని నడుమ 330. ఆ పిల్ల ఒక క్షణము ఆలోచించి, "అత్తమ్మా! నూటయేబదియు నూటయెనుబదియు కలిసి మూడువందల ముప్పదియే గదా!" యనెను. అంతే, తాళము తెఱచుకొనెను. లోపల రెండు తీగచుట్టలు ఒకదాని వెంట నొకటి యున్నవి; రెండవ తీగ ఆ రెంటికిని ఉమ్మడి. రెండును తెగలేదు. మోటారు పై లోహమునకును తీగలకును నడుమ మీటరు ఏమియు చూపలేదు. మీటరు బ్యాటరీ చిన్నది గనుక 230 వోల్టులకు లోని పూత నిలుచునని దానివలన పూర్తి సాక్ష్యము రాదు. కాని చుట్ట తెగలేదనుటకు అది చాలును. మూలుగుట, త్రోసిన తిరుగుట అను లక్షణములు కండెన్సరు వైపే వ్రేలు చూపుచున్నవి.

ఆ కండెన్సరు అగ్గిపెట్టె వంటి తెల్లని పెట్టె. దానిమీది అక్షరములు వేడికి అరిగి యొక్కటియు మిగులలేదు. శేషవిద్యుత్తును తీర్చి కొలువగా 0.6 మైక్రోఫారడులు వచ్చెను. ఇచ్చట సోదరీమణులు నిదానించి చూడవలెను. కొలిచితిమి, అంకె వచ్చినది. దానిని తీసికొనిపోయి 0.6 మైక్రోఫారడుల కండెన్సరు కొనవలెనా? కూడదు. చెడిపోయిన వస్తువును కొలిచినచో అది నేడెంత యున్నదో తెలియును గాని, పుట్టినపుడెంత యుండెనో తెలియదు. జ్వరము వచ్చి చిక్కిన బిడ్డను తూచి ఆ కొలతకు పండుగ చొక్కా కుట్టింతుమా? బాహుకుని రూపము మాఱినను గుణము నిలిచియుండెను గనుక దమయంతి కనుగొనగలిగెను. ఈ పెట్టెకు పేరును చెఱిగినది, గుణమును చెడినది. ఇక దాని తోబుట్టువునే అడుగవలెను.

అదే తయారీ మోటారు, అదే యేట కొన్నది, ప్రక్కవీధిలో మఱియొక నేతయింట నున్నది. వారి అనుమతితో దాని కండెన్సరును కొలువగా 2.43 వచ్చెను. కండెన్సరులకు నూటికి ఐదుపాళ్ల హెచ్చుతగ్గులు సహజము, 2.5కు ఐదుపాళ్లు తగ్గింపగా 2.375, కనుక 2.43 ఆ హద్దులోనిదే. సీలింగు ఫ్యానులకు సాధారణముగా వాడు కండెన్సరు కూడ 2.5 మైక్రోఫారడులదే గనుక ఆ యూహకు బలము వచ్చెను. ఇక వోల్టుల సంగతి. కండెన్సరు ఎన్ని వోల్టుల నోర్చునో మీటరు చెప్పలేదు. మోటారులో దానిపై పడు ఒత్తిడి ఇంటి కరెంటు 230 వోల్టుల కంటెను హెచ్చుగా నుండవచ్చును గనుక, ఫ్యానులకు వాడునట్లు 440 వోల్టుల ఏ.సి. అని వ్రాసియున్నదానినే తెప్పించితిమి. నూఱు రూపాయలకు లోపే వ్యయమాయెను. ప్లగ్గు తీసి, 330 ఓములు చూపిన రెండు కొసల నడుమ దానిని బిగించి, మూత వేసి, స్విచ్చి వేయగా మోటారు తిరిగినది. ఆ సాయంకాలమే కండెలు మగ్గము చేరినవి.

దుకాణమువారిని నిందించుట మా యుద్దేశము కాదు. వారి యెదుట పనులు పెక్కుండును. కాని మన సొమ్మును, మన దినమును గూర్చి ప్రశ్నించు అధికారము మనది. ప్రశ్నించుటకు ముందు తెలిసియుండవలెను. "చుట్ట కాలినదంటిరి, కొలిచి చూపుడు" అని మర్యాదగా అడుగగల యిల్లాలికి లభించు జవాబు వేఱు. అడుగలేని యిల్లాలికి లభించు జవాబు వేఱు.

యంత్రములు మగవారి విషయము, మన కెందుకని కొందఱు సోదరీమణులు తలంతురు. వారికి అయ్యలసోమయాజుల లలితగారి చరిత్ర చెప్పవలెను. ఆమె మద్రాసులో తెలుగుకుటుంబమున 1919లో జన్మించిరి. పదునైదవయేట వివాహమాయెను, పదునెనిమిదవయేట, చంటిబిడ్డ చంకలో నుండగా భర్తను గోల్పోయిరి. అంతట అధైర్యపడక గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరైరి. మన దేశమున నా విద్యలో పట్టము పొందిన మొదటి స్త్రీ యామెయే. ఆ పట్టాపత్రముపై ముందుగనే అచ్చువేసియున్న "అతడు" అను మాటను కొట్టివేసి "ఆమె" యని వ్రాయవలసి వచ్చెను. తరువాత భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్పనులలో పాల్గొనిరి, 1964లో న్యూయార్కు నగరమున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు వెళ్లిరి, 1979లో స్వర్గస్థులైరి. ఇంగ్లండులో హెర్తా ఎయిర్టన్ అను విదుషి విద్యుద్దీపపు జ్వాలను కొలిచి కొలిచి శోధించి, 1899లో అచ్చటి ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థలో మొదటి స్త్రీసభ్యురాలాయెను. ఆమెను రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ప్రతిపాదింపగా, వివాహిత యను కారణమున 1902లో నిరాకరించిరి. మీద అంటించిన చీటిని చూచి లోని వస్తువును నిర్ణయించుట ఎంత తప్పో ఈ యిరువురి చరిత్రములును చాటుచున్నవి. వారిని పరీక్షించి చూచినవారికి వారి గుణము తెలిసినది.

ఇక మన యిండ్లలో నేటినుండి చేయదగిన పని యొకటి కలదు. బీరువాలో నగల పట్టీ యుంచుకొందుము. ఏ గొలుసు ఎన్ని గ్రాములో, ఏ గాజు ఏ పండుగకు కొన్నదో వ్రాసికొందుము. అట్లే యింటి పరికరములకు నొక చిన్న పుస్తకము పెట్టవలెను. ఫ్యాను కండెన్సరు ఎంతదో, మిక్సీ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో, మోటారు మూడు తీగల నడుమ కొలతలెన్నో, అన్నియు బాగుగా నున్న దినములలోనే కొలిచి తేదీతో వ్రాసియుంచవలెను. చక్కగా నున్నప్పటి కొలత చెడినప్పటికి సాక్షి యగును. ఆ నేతయింట ప్రక్కవీధి మోటారు లేకపోయినచో ఈ పుస్తకమే దాని స్థానమున నిలువవలసియుండెను. ఇప్పుడా కోడలిపిల్ల తమ వీధిలోని రాట్నముల మోటారులన్నిటి కొలతలను వ్రాయుచున్నది. ఆ పుస్తకపు మొదటి పుటలో ఉన్న అంకెలు మూడే – 150, 180, 330.